శనివారం గంట క్లాసులో ఏం చెప్పాలి?

ప్రశ్న: నేను వరంగల్ వైపు ఓ మండల పోలీస్ స్టేషన్‌లో ఎస్సైని. ఊరి పేరు వేయొద్దు. మొన్న మల్లన్న జాతర బందోబస్తులో మావాళ్లు ఒక యువకుడిని కొట్టారు. తాడు దాటి గుడి వెనక వైపు పోతుంటే కానిస్టేబుల్ ఆగమని అరిచాడు. ఆగలేదు. వెనక నుంచి భుజం పట్టుకుంటే విదిలించుకుని గట్టిగా చేతులు ఊపాడు. కొట్టబోతున్నాడనుకుని లాఠీతో రెండు దెబ్బలు వేశారు. అతని తువ్వాలతోనే చేతులు వెనక్కి కట్టి జీపు ఎక్కించారు. నోట్లోంచి ఏవో శబ్దాలు వస్తుంటే తాగాడనుకున్నారు. స్టేషన్‌కు తెచ్చి సంగతి తెలిశాక మావాళ్లు కొందరు నవ్వారు కూడా. కాసేపటికి వాళ్లమ్మ సదరం సర్టిఫికెట్ పట్టుకుని వచ్చింది. పుట్టుకతోనే వినిపించదట, మాట రాదట. పంపించేశాం. ఇప్పుడు సీఐ గారు శనివారం స్టాఫ్ అందరికీ గంటసేపు క్లాసు తీసుకోమన్నారు. పవర్‌పాయింట్ పెడితే నిద్రపోతారు. సెక్షన్లు చదివితే ‘మళ్ల మా మీదనే కేసులా మేడం’ అంటారు. వాళ్ల భయమూ అబద్ధం కాదు. మతిస్థిమితం లేనివాడు రాయి పట్టుకుని నిలబడితే దగ్గరికి పోవాల్సింది వాళ్లే కదా. ఏం చెప్పమంటారు? ఆ అబ్బాయి ఇంటికి వెళ్లాలా? వెళ్తే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుందా? ఇంకో మాట: నిజంగానే నేరం చేసినవాడు చెవులు వినపడనివాడైతే చేతులు కట్టనే కూడదా?

సమాధానం: ఎస్సై గారూ, ఇంటికి వెళ్లే సంగతి ముందు చెప్తాను. శనివారం దాకా ఆగకూడనిది అదొక్కటే.

వెళ్లండి. సర్పంచ్‌నో కులపెద్దనో వెంటేసుకుని రాజీ మాటలకు మాత్రం వద్దు. పది మంది మధ్య కూర్చోబెట్టి ‘అయిందేదో అయింది, ఇడిసిపెట్టు అవ్వా’ అంటే ఆ తల్లి తలూపక ఏం చేస్తుంది? రేపు ఎవరైనా ఆ ఇంటి గడప తొక్కి అడిగితే ఆ తలూపుడు మిమ్మల్ని కాపాడదు. వెళ్లేటప్పుడు సైగల భాష తెలిసినవాళ్లను ఒకరిని తీసుకెళ్లండి. తల్లితో మాట్లాడేసి వచ్చేయకండి, దెబ్బలు తిన్నది కొడుకు. మణికట్ల మీద కమిలిన గుర్తులున్నాయేమో చూడండి. ఉంటే ఏరియా ఆస్పత్రిలోనో ఎంజీఎంలోనో చూపించి, రాయించాల్సిన కాగితం రాయించండి. జనరల్ డైరీలో ఆ రోజు సంగతి లేకపోతే ఈ రోజు తేదీతోనే, జరిగింది జరిగినట్టు ఎక్కించండి. స్టేషన్‌లోని సీసీ కెమెరా రికార్డింగ్ చెరిగిపోకుండా తీసి పెట్టండి. ప్రతి స్టేషన్‌లో కెమెరాలు ఉండాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది ఇలాంటి రోజుల కోసమే.

తప్పు ఒప్పుకున్నట్టు అవుతుందా అని అడిగారు. వాళ్ల హక్కులు వాళ్లకు చెప్పడం తప్పు ఒప్పుకోవడం కాదు, అది చట్టం మీ మీద పెట్టిన పని. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లో సెక్షన్ 7 ఉంది. దివ్యాంగుడి మీద హింస జరిగిందని పోలీసు అధికారికి ఏ దారిన తెలిసినా ఆ మనిషికి కొన్ని విషయాలు చెప్పి తీరాలి: రక్షణ కోసం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు, అంటే మన మండలాల్లో తహసీల్దారుకు, దరఖాస్తు పెట్టుకోవచ్చని, దగ్గర్లో సాయపడే సంస్థ ఏదో, ఉచితంగా వకీలును పెట్టుకోవచ్చని, ఫిర్యాదు ఇచ్చే హక్కుందని. ఉచిత న్యాయ సహాయానికి దివ్యాంగులకు ఆదాయ పరిమితి లేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లొచ్చు, 15100కు ఫోన్ చేయొచ్చు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఇచ్చి రండి. వాళ్లు ఫిర్యాదు ఇస్తే తీసుకుని ఏసీపీకి పంపండి. మీ స్టాఫ్ మీద విచారణ మీరే చేయకండి.

ఇప్పుడు, మీరు ఒక్క వాక్యంలో దాటేసిన మాట దగ్గర కాసేపు ఆగుతాను. ‘మావాళ్లు కొందరు నవ్వారు కూడా.’ లాఠీ దెబ్బ పడినప్పుడు అతనికి వినపడదని మీ కానిస్టేబుల్‌కు తెలియదు. చీకట్లో, డప్పుల మోతలో, రద్దీలో జరిగిన పొరపాటు అని అతను చెప్పుకోవచ్చు, కోర్టు నమ్మనూ వచ్చు. నవ్వే టైముకి మాత్రం తెలుసు. నేను హనుమకొండలో వకీలుగా చూసిన కేసుల్లో ఇంటివాళ్లు ఫిర్యాదు దాకా వచ్చేది ఎక్కువగా ఈ రెండోదానికే. ‘కొట్టిన్రు సార్, సరే, తెల్వక కొట్టిన్రనుకుంటం. నా కొడుకు లెక్క నోరు పెట్టి ఎక్కిరించిన్రు’ అంటారు. అదే చట్టంలో సెక్షన్ 92 నలుగురి కళ్ల ముందు దివ్యాంగుడిని కావాలని అవమానించినా, బెదిరించినా కనీసం 6 నెలలు, గరిష్ఠంగా 5 ఏళ్ల జైలు అంటోంది. మీ క్లాసు నవ్విన వాళ్లకు కూడా అని గుర్తుంచుకోండి. ఎక్కిరింపు ఆగితే అన్నీ ఆగుతాయని అనను. ఎక్కిరించే స్టేషన్‌లో మాత్రం ఏ శిక్షణా అంటదు. మనకు ‘ఫ్రెండ్లీ పోలీసింగ్’ బోర్డులు చాలానే ఉన్నాయి, వాటి కింద కూర్చునే ఎక్కిరించిన వాళ్లనూ చూశాను.

ఇక క్లాసు. పవర్‌పాయింట్ వద్దు, ఆ మాట మీరే అన్నారు. మీరు కూడా చెప్పొద్దంటాను. చెప్పించండి. బధిర యువకుడొకరిని, వీలైతే ఒక అమ్మాయిని కూడా పిలవండి, అనువాదకుడితో సహా. ఎక్కడ దొరుకుతారని అడగకండి. మీ మండల కేంద్రంలో దివ్యాంగ పిల్లల కోసం నడిచే భవిత సెంటర్ ఉంటుంది, అక్కడి ఐఈఆర్పీ టీచర్లకు, అంటే ఆ పిల్లలకు చదువు చెప్పే ప్రత్యేక టీచర్లకు, ఇలాంటి పిల్లల ఇళ్లన్నీ తెలుసు. వచ్చినవాళ్లకు దారి ఖర్చులు, ఆ రోజు కూలి ఇవ్వండి. పోలీసులు పిలిచారంటే ఊరికే రావాలనుకోవడం మనకు అలవాటైపోయింది.

క్లాసు మొదలయ్యాక ఆ యువకుడిని స్టాఫ్ ముందు నిలబెట్టి ముగ్గురు నలుగురు కానిస్టేబుళ్లకు ఒక పని చెప్పండి. నోరు విప్పకుండా అతని పేరు, ఊరు, ఇంటికి ఎవరికి ఫోన్ చేయాలో తెలుసుకోవాలి. అనువాదకుడు పక్కన చేతులు కట్టుకుని కూర్చుంటాడు. మొదటివాడు గట్టిగా అరుస్తాడు, ఇది ఖాయం. మన దగ్గర వినపడనివాడికి వినిపించేలా అరవడం పాత రోగం. రెండోవాడు పెన్నూ కాగితం ఇస్తాడు. చాలా మంది గ్రామీణ బధిరులకు చదువు సరిగ్గా అందలేదు. కాగితం ఇస్తే అంతా అయిపోతుందనుకోవద్దని అక్కడే తేలిపోతుంది. మూడోవాడు ఫోన్ తీసి కాంటాక్టుల్లో ఫొటోలు చూపించమంటాడేమో. అతన్ని మెచ్చుకోండి. తర్వాత ఆ యువకుడినే చూపించమనండి, తనను ఎలా పిలవాలో: ఎదురుగా కనపడేలా చెయ్యి ఊపాలి, వెనక నుంచి భుజం పట్టి లాగకూడదు, రాత్రి పూట టార్చి అతని కళ్లలోకి కొట్టకుండా ముందు మీ ముఖం మీద, యూనిఫాం మీద వేసుకోవాలి. అప్పుడు పోలీసు అని తెలుస్తుంది, పెదాలూ కనిపిస్తాయి. ‘ఆగు’ అన్నదానికి అరచేయి అడ్డం పెడితే చాలు, అది ఎవరికైనా అర్థమవుతుంది.

మీ జాతర కేసులో అతను చేతులు ఊపాడన్నారు. అతను మాట్లాడుతున్నాడు మేడం. ‘నాకు వినపడదు’ అనో ‘మా అమ్మ అక్కడుంది’ అనో చెప్తున్నాడు. భయం పుడితే మనం గొంతు పెంచుతాం, వాళ్లు చేతులు పెంచుతారు. ఆ చేతుల్ని వెనక్కి కట్టేయడమంటే అతని నోట్లో గుడ్డ కుక్కడమే. ఈ ఒక్క సంగతి ఆ యువకుడి చేతే చెప్పించండి. నేను చెప్పినా మీరు చెప్పినా తల ఊపి మర్చిపోతారు, అతను చెప్తే మర్చిపోరు.

కళ్లకు గంతలు కట్టి నడిపించడం, కుంటుతూ నడవమనడం లాంటి ఆటలు మాత్రం పెట్టకండి. కొన్ని శిక్షణల్లో అవి చాలా గొప్పగా పెడతారు. కాసేపు గంతలు కట్టుకున్నవాడికి చీకటంటే భయం తెలుస్తుంది, అంతే. కర్రతో వరంగల్ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద రోజూ రైలెక్కే అంధుడి నేర్పు అందులో ఎక్కడ తెలుస్తుంది? జాలి పుట్టించి పంపితే రేపు రోడ్డు మీద ఆ జాలే చెయ్యి పట్టి ఈడ్చుకెళ్తుంది. అంధుడు ఎదురైతే చెయ్యి పట్టుకునే ముందు ‘నేను కానిస్టేబుల్‌ను, ఫలానా స్టేషన్’ అని చెప్పి, మీ మోచేయి అందిస్తే చాలు. తెల్ల కర్రను లాక్కోవద్దు.

నా సంగతి ఒకటి చెప్తాను. నాకు పుట్టుకతో సెరిబ్రల్ పాల్సీ. నడక ఊగుతుంది, మాట ముద్దగా వస్తుంది. రాత్రి పూట నా మూడు చక్రాల బండి ఆపిన ప్రతి చోటా మొదటి ప్రశ్న ఒకటే: ‘ఎంత తాగినవ్?’ ఒకాయన నన్ను బండి దింపి తెల్ల గీత మీద నడవమన్నాడు. నేను నడిస్తే ఏ గీతా నిలవదు. చేతిలో బ్రీత్ ఎనలైజర్ పెట్టుకుని కూడా దాన్ని వాడకుండా నడక చూసి తేల్చేద్దామనుకున్నాడు. మీవాళ్లకు ఇంతే చెప్పండి: మాట తడబడితే, అడుగు తడబడితే, ముందు మిషన్‌లో ఊదించండి. సున్నా వస్తే తాగుడు గురించి ఇంకో ప్రశ్న వేయకండి. ముఖం కండరాలు సరిగా లేక ఊదలేనివాళ్లూ ఉంటారు, వాళ్లను రక్త పరీక్షకు తీసుకెళ్లొచ్చు. షుగర్ పడిపోయినవాళ్లు, అప్పుడే మూర్ఛ వచ్చి తేరుకుంటున్నవాళ్లు కూడా తాగినట్టే కనపడతారు. మూర్ఛలో ఉన్నవాడి చేతులు కాళ్లు గట్టిగా పట్టుకోవద్దు, తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టే పని అసలే వద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద ఏదైనా మెత్తటిది పెట్టి, తేరుకునేదాకా జనాన్ని దూరంగా ఉంచడమే.

మేధో వైకల్యం ఉన్నవాళ్ల విషయం ఇంతకంటే ప్రమాదం, ఎందుకంటే వాళ్లు మీతో గొడవ పడరు. ఒప్పుకుంటారు. యూనిఫాం వేసుకున్న పెద్దమనిషి అడిగితే ‘అవును’ అంటే వదిలేస్తాడని చిన్నప్పటి నుంచి నేర్చుకుని ఉంటారు. క్లాసులో ఇది చేసి చూపించండి. ‘పైసలు నువ్వే తీసినవ్ గదా?’ ‘అవును సార్.’ మరో నిమిషానికి అదే గొంతుతో ‘నువ్వు తియ్యలే గదా?’ అనండి. ‘అవును సార్’ అనే వస్తుంది. మొదటి ‘అవును’ దగ్గరే పెన్ను తీసిన దర్యాప్తు అధికారి అసలు దొంగను వదిలేసినట్టే. అవును-కాదు ప్రశ్నలు మానేసి ‘ఏమైందో చెప్పు’ అని అడిగి ఊరుకోవాలి, జవాబు వచ్చేదాకా. మనవాళ్లకు అది చేతకాదు, క్షణం మౌనంగా ఉంటే ఇంకో ప్రశ్న విసురుతారు. ఆటిజం ఉన్న పిల్లలు కొందరు మీ ప్రశ్ననే తిరిగి మీకు చెప్తారు. ‘నీ పేరేంది?’ అంటే ‘నీ పేరేంది?’ అంటారు. వెటకారం చేస్తున్నాడని చెయ్యి లేవకుండా ఉండాలంటే ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి.

ఆటిజం అన్నాను కాబట్టి, ప్రాణం కాపాడే సంగతి ఒకటి. ఆటిజం ఉన్న పిల్లలు ఇల్లు దాటి వెళ్లిపోతే నీళ్ల వైపు వెళ్లడం తరచుగా జరుగుతుంది, మునిగిపోవడమే వాళ్లకు పెద్ద గండం. కాకతీయుల పుణ్యమా అని మన దగ్గర ఊరూరా చెరువే. అలాంటి బిడ్డ తప్పిపోయాడని ఫోన్ వస్తే బస్టాండ్‌కు, స్టేషన్‌కు తర్వాత పరుగెత్తండి. మొదటి బండి చెరువు కట్టకు, వ్యవసాయ బావుల దగ్గరికి పోవాలి. మేడారం లాంటి చోట్ల మైకులో పేరు పిలుస్తుంటారు. మాట రాని బిడ్డకు, వినపడని బిడ్డకు ఆ మైకుతో పనిలేదు. జాతర మొదలుకాకముందే తల్లిదండ్రులను అడిగి చేతికి ఫోన్ నంబరున్న పట్టీ కడితే, ఆ పని కానిస్టేబుల్ కూడా చేయొచ్చు, వలంటీరూ చేయొచ్చు.

రాయి పట్టుకున్న మనిషి సంగతి. ఇది మీవాళ్ల అసలు భయం. దాన్ని చిన్నబుచ్చకండి, క్లాసులో దానికి బాగా సమయం ఇవ్వండి. అమెరికాలోని మెంఫిస్ నగరంలో 1987లో కత్తి పట్టుకున్న మానసిక రోగిని పోలీసులు కాల్చి చంపాక, మరుసటి ఏడాది అక్కడి పోలీసులు, రోగుల కుటుంబాలు, డాక్టర్లు కలిసి ఇలాంటి పిలుపులకు వెళ్లే ప్రత్యేక బృందం కట్టారు, 40 గంటల శిక్షణతో. మీకు ఉన్నది గంట. దానిలోనే చెప్పగలిగేది ఇది: దగ్గరికి పోవద్దు. రాయి అందనంత దూరంలో ఆగండి, వెనక్కి తగ్గడానికి ఒక చెట్టో జీపో అడ్డం చూసుకోండి. సైరన్ ఆపేయండి, ఎర్ర లైటు ఆపేయండి. మాట్లాడేది ఒక్కరే ఉండాలి. మిగతా ఇద్దరి పని అతన్ని చూడటం కాదు, ఫోన్లు పట్టుకుని మూగిన జనాన్ని వెనక్కి పంపడం. సగం ఉద్రేకం ఆ మూక వల్లే. పేరు తెలిస్తే పేరు పెట్టి పిలవండి. అతనికి వినపడే గొంతులు ‘లేవు’ అని వాదించకండి, ‘అవును, నిజమే’ అని ఆడించకండి కూడా. ‘అన్నా, భయపడుతున్నవ్ గదా, నేనిక్కడే కూసుంట’ అంటే చాలు. ఎవరి ప్రాణానికీ ముప్పు లేనప్పుడు గంట పట్టినా పట్టనివ్వండి. పట్టుకోక తప్పకపోతే బోర్లా పడేసి వీపు మీద కూర్చోవద్దు, మోకాలు పెట్టవద్దు. అలా ఊపిరాడక చనిపోయినవాళ్లున్నారు. చేతులు దొరికిన వెంటనే పక్కకు తిప్పి, లేపి కూర్చోబెట్టండి.

అమెరికాలోనే మేరీలాండ్ అనే రాష్ట్రంలో 2013 జనవరిలో డౌన్ సిండ్రోమ్ ఉన్న 26 ఏళ్ల యువకుడు సినిమా అయిపోయాక కుర్చీలోంచి లేవలేదు. మళ్లీ చూస్తానన్నాడు, టికెట్ లేదు. అతన్ని చూసుకునే ఆమె పోలీసులను బతిమాలింది, వాళ్లమ్మ దారిలో ఉంది, కాసేపు ఆగండి, ముట్టుకుంటే అతను తట్టుకోలేడని. ముగ్గురు ఆగకుండా లేపి బేడీలు వేశారు. ఆ పెనుగులాటలో ఊపిరాడక చనిపోయాడు. ఒక సినిమా టికెట్ కోసం! ఆ తర్వాత ఆ రాష్ట్రం మేధో వైకల్యం ఉన్నవాళ్లనే పోలీసు శిక్షణలో బోధకులుగా కూర్చోబెట్టింది. మీ జాతరలో తాడు దాటినవాడిని కాసేపు దాటనిచ్చి వెంట నడిచి ఉంటే ఏమయ్యేదో మీవాళ్లనే అడగండి. గుడి వెనక ఏముంది, కొబ్బరి చిప్పలు తప్ప?

మానసిక రోగం ఉన్న మనిషిని అదుపులోకి తీసుకున్నాక ఏం చేయాలో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 స్పష్టంగా చెప్పింది. సెక్షన్ 100 ప్రకారం అలాంటి మనిషిని లాకప్‌లో పెట్టకూడదు. ఎందుకు తీసుకెళ్తున్నారో అతనికి చెప్పాలి, అతను అర్థం చేసుకోలేని స్థితిలో ఉంటే అతని తరఫు ప్రతినిధికి (నామినేటెడ్ రిప్రజెంటేటివ్) చెప్పాలి. 24 గంటల్లోపు దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చాలి, మీకైతే అది ఎంజీఎం. ఇల్లూ వాకిలీ తెలియని మనిషైతే తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్ఐఆర్ చేసి కుటుంబాన్ని వెతకడం కూడా స్టేషన్ బాధ్యతే. రాత్రి పూట లారీ ఎక్కించి పక్క జిల్లా సరిహద్దులో దింపేసే పాత అలవాటు గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. క్లాసులో ఆ మాట పేరు పెట్టి ఎత్తండి, అందరూ నేల చూస్తారు, చూడనివ్వండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416 ప్రతి జీపులో అతికించండి. ఇంటివాళ్లకు ఇవ్వడానికి పనికొస్తుంది, ఉద్యోగంతో నలిగిన మీ కానిస్టేబుల్‌కూ పనికొస్తుంది.

చట్టాలను క్లాసులో చదవకండి. ఒక కాగితం మీద పెద్దక్షరాలతో రాసి రైటర్ టేబుల్ పైన గోడకు అంటించండి, అవసరమైన రోజు చూసుకుంటారు. సాక్షిగా పిలవాల్సిన దివ్యాంగుడిని స్టేషన్‌కు రమ్మనకూడదు, మనమే ఇంటికి వెళ్లాలి, అతను తనంతట తాను వస్తానంటే తప్ప (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, అంటే బీఎన్ఎస్ఎస్, సెక్షన్ 179). లైంగిక దాడికి గురైన దివ్యాంగురాలి ఫిర్యాదు ఆమె ఇంట్లో గానీ ఆమె కోరిన చోట గానీ అనువాదకుడు లేదా స్పెషల్ ఎడ్యుకేటర్ సమక్షంలో, వీడియో తీస్తూ రాసుకోవాలి (173). మూడేళ్ల లోపు శిక్ష పడే కేసులో జబ్బుతో నీరసించిన మనిషిని డీఎస్పీ స్థాయి అధికారి అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదు (35). ఈ మూడూ మీ కాగితం మీద ఉంటే చాలు. కింద ఒక గీత గీసి ఇంకో మాట రాయండి: ‘తోడు వచ్చినవాళ్లతో కాదు, ఆ మనిషితోనే మాట్లాడు.’ ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఓ అంధ యువతి కేసులో 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు పోలీసు శిక్షణ ఎలా ఉండాలో చెప్తూ ఈ సంగతిని ప్రత్యేకంగా ఎత్తిచూపింది. ఎందుకో మీకు తెలుసు. బధిర అమ్మాయి ఫిర్యాదుకు వచ్చినప్పుడు సైగలు చెప్పడానికి ఆమె బాబాయిని కూర్చోబెడతాం. ఫిర్యాదు ఆ బాబాయి మీదే అయితే?

అనువాదకుల జాబితా ఈ వారమే రాసి పెట్టుకోండి, ముగ్గురు చాలు, రాత్రి ఫోన్ ఎత్తేవాళ్లు ఒకరుండాలి. వాట్సాప్ వీడియో కాల్‌లో కూడా మొదటి మాటలు నడిచిపోతాయి. మండలంలో దివ్యాంగులున్న ఇళ్లు తెలుసుకోవడం మంచిదే. అయితే రౌడీ షీట్ల పక్కన ఇంకో రిజిస్టర్ తెరవకండి. ఆశా కార్యకర్తనో ఐఈఆర్పీనో వెంట పెట్టుకుని యూనిఫాం లేకుండా వెళ్లండి. ‘మీ పిలగాడు దేనికి భయపడ్తడు, ఎట్ల పిలిస్తే వస్తడు’ అని అడగండి. చెప్పడం ఇష్టం లేనివాళ్లను వదిలేయండి. ఆ పిల్లలను ఒక పూట స్టేషన్‌కు రప్పించి జీపు ఎక్కించి, సైరన్ వినిపించి, వైర్‌లెస్ సెట్ ముట్టుకోనిస్తే ఇంకా మంచిది.

మీ స్టాఫ్ మాట కూడా వినండి. తెల్లవారుజామున బందోబస్తుకు దిగి అన్నం తినకుండా నిలబడ్డవాడికి ఓపిక గురించి చెప్తే ఎక్కదు. జాతరలో షిఫ్టు మార్పిడి సరిగ్గా జరిగేలా చూడటం కూడా ఈ క్లాసులో భాగమే, అది మీ చేతిలో పని. ఇంకో సంగతి నా అనుభవంలోది: ఇలాంటి క్లాసు అయ్యాక ఎవరో ఒక కానిస్టేబుల్ వెనక ఉండిపోయి, మా చిన్నోడికి సదరం రాలేదు సార్, ఎట్ల చేయాలె అని అడుగుతాడు. అప్పటిదాకా తోటివాళ్లకు ఇంట్లో అలాంటి బిడ్డ ఉన్నాడని చెప్పి ఉండడు. అలాంటివాళ్లను ముందుకు తోయకండి, వాళ్లే వస్తే మాత్రం మీకు మంచి సహాయకుడు దొరికినట్టే.

గంట క్లాసుతో అయిపోయిందని సీఐ గారికి రిపోర్టు పెట్టకండి. పోలీసు అధికారుల కోర్సులన్నింటిలో దివ్యాంగుల హక్కులపై శిక్షణ తప్పనిసరి చేయాలని 2016 చట్టంలో సెక్షన్ 47 ప్రభుత్వానికే చెప్పింది. మామునూరు శిక్షణ కళాశాలలో బయటికొచ్చే ప్రతి బ్యాచ్‌కూ బధిరులు, అంధులు, మానసిక రోగం నుంచి కోలుకున్నవాళ్లు వచ్చి పాఠం చెప్పేలా చేయమని ఆ సెక్షన్ పేరు రాసి పై అధికారులకు పంపండి. కింది నుంచి ఒక ఎస్సై రాసిన కాగితం ఫైల్లో ఉంటే, అడిగే మాలాంటి వాళ్లకు కూడా అది ఆసరా.

బేడీల ప్రశ్న మిగిలింది. బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 43 ఎవరికి బేడీలు వేయొచ్చో జాబితా ఇచ్చింది: పదే పదే నేరం చేసేవాడు, కస్టడీ నుంచి పారిపోయినవాడు, హత్య, అత్యాచారం, ఉగ్రవాదం, మత్తు మందుల్లాంటి తీవ్ర నేరాలు. జాతరలో తాడు దాటడం అందులో లేదు, తువ్వాలైనా బేడీయే. నిజంగా ఆ జాబితాలోకి వచ్చే బధిర నిందితుడైతే చేతులు ముందు వైపు కట్టండి, వెనక్కి వద్దు. అరెస్టు కారణం సైగల్లో చెప్పేటప్పుడు విప్పండి. అనువాదకుడు వచ్చేదాకా ప్రశ్నలు మొదలుపెట్టకండి.